ఆయన ఫోనుకొచ్చే అంకెలు

"నీ ఉద్యోగం నా జేబులో ఉంది, తెలుసా?" అన్నాడు భర్త, చొక్కా జేబు మీద తట్టుకుంటూ. జేబులో ఉన్నది ఫోను.

ఆ సమయానికి ఆమె అడుగంటిన పాలగిన్నె తోముతోంది. పాలు పొంగి పోయింది ఆమె వల్ల కాదు. చూస్తుండమని చెప్పి స్నానానికి వెళ్తే, పొయ్యి పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్న మనిషి ఫోను చూశాడు గానీ పాలు చూడలేదు. అయినా గిన్నె తోమాల్సింది ఆమే, పాలు పోయినందుకు అత్తగారితో మాట పడాల్సిందీ ఆమే. ఆ మాట పడి, గిన్నె తోమి, రెండు డబ్బాల్లో అన్నం సర్ది, ఒకటి బల్ల మీద ఉంచి ఒకటి సంచిలో వేసుకుని, అత్తగారి మాత్రలు పొద్దుటివి ఒక పక్క, మధ్యాహ్నానివి ఒక పక్క పెట్టి, వాన వస్తే బట్టలు తియ్యమని గాల్లోకి ఒక మాట వదిలి, ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదని తెలిసి కూడా వదిలి, అప్పుడు గడప దాటాలి. దాటేముందు ఇంకో మాట ఉంది. ఈమధ్యే చేరిన మాట.

"ఏమండీ, ఫోను దగ్గరే పెట్టుకోండి. చార్జింగు ఉందో లేదో చూసుకోండి."

"పెట్టుకుంటాలే. అందుకే కదా పుట్టాను," అన్నాడు.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "దాని కోసం కాపలా కాయడానికే సరిపోతోంది మావాడి బతుకు. ఇంక వాడి పని వాడెప్పుడు చేసుకుంటాడు?"

వాడి పని ఏమిటో ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్మేవాడు. ఒకప్పుడు బాగానే నడిచింది. రానురాను జనం వాళ్ళ పాలసీలు వాళ్ళే ఫోనులో కట్టుకోవడం నేర్చారు. ఆ తర్వాత ఇతను ఎదురొస్తుంటే, అటు పనేమీ లేకపోయినా, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళడం కూడా నేర్చారు. ఏజెంటు అన్న పేరు మిగిలింది, పని మిగల్లేదు. ఇంట్లో కూర్చున్న మగవాడికి ఇంట్లో పని కనపడదు. కనపడితే చేయాల్సి వస్తుందని కాబోలు.

ఆమె పనిచేసేది పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసే ఆఫీసులో. బిడ్డ పుడితే ఒక కిటికీ, మనిషి పోతే పక్క కిటికీ. రెండింటి ముందూ ఒకటే బెంచీ. పెళ్ళికి ముందే వచ్చిన ఉద్యోగం అది. అప్పటి నుంచీ నిన్నమొన్నటి దాకా ఆ హాలంతటికీ ఒకటే పాత కంప్యూటరు వ్యవస్థ, ఒకటే పాస్‌వర్డు. ఆ పాస్‌వర్డు గోడ మీది కాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉండేది. హాలు ఊడ్చే మనిషికి కూడా అది నోటికి వచ్చు. ఎవరు కూర్చున్నా అదే కొట్టి లోపలికి వెళ్ళడమే. అలా ఎవరు వెళ్ళారో ఏమో, ఒకసారి బతికున్న మనిషిని చచ్చిపోయినట్టు రాసేశారు. చచ్చిపోయినాయన స్వయంగా వచ్చి హాలు మధ్యలో నిలబడి అరిచి, నీళ్ళు తాగి, మళ్ళీ అరిచి వెళ్ళాడు. రాసింది ఎవరో తేలనే లేదు. అందరూ ఒకటే పేరుతో లోపలికి వెళ్తున్నప్పుడు దొంగ ఎవరు, దొర ఎవరు? అప్పటికి గానీ పైవాళ్ళకు మెలకువ రాలేదు. పాత పెట్టెలన్నీ తీసేసి కొత్తవి పెట్టారు, పాత రాతలన్నీ వాటిలోకి ఎక్కించారు, ఎక్కించినదానికి తాళాలు వేశారు. ఆ తాళాల సంగతి చెప్పడానికి ఒక కంపెనీ పిల్లను పంపారు.

ఆ పిల్ల హాలు మధ్యలో నిలబడి ఓపిగ్గా చెప్పింది.

"ఇందులో ఎవరూ చిన్నబుచ్చుకోవాల్సింది లేదండీ. లోపల ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకోవడం పాత పద్ధతి. కొత్త పద్ధతిలో ఎవరినీ నమ్మం. పొద్దున నిరూపించుకున్నారు కదా అని మధ్యాహ్నం నమ్మం. ఈ గదిలోకి రానిచ్చాం కదా అని పక్క గదిలోకి రానివ్వం. మీరెవరు, ఎందుకొచ్చారు, ఇక్కడ మీకేం పని అని ప్రతి తలుపు దగ్గరా అడుగుతూనే ఉంటుంది. నమ్మకం సున్నా నుంచి మొదలు, ప్రతిసారీ."

ఆమె నవ్వింది. చిన్నగా నవ్వుదామనుకుంది గానీ పెద్దగానే వచ్చింది. హాలంతా తిరిగి చూశారు.

"ఏంటి మేడమ్, అర్థం కాలేదా?" అంది కంపెనీ పిల్ల.

"అర్థమైందమ్మా. నాకు అలవాటే, చెప్పు."

అలవాటే మరి. పెళ్ళైన కొత్తలో ఆఫీసు నుంచి బస్సు ఆలస్యమై వస్తే, పక్కన ఎవరు కూర్చున్నారని అడిగాడు. ఒక ముసలావిడ అని చెప్పింది. మర్నాడు అన్నం తింటూ మళ్ళీ అడిగాడు, మాట మారుతుందేమోనని. కూతురు పుట్టినప్పుడు అత్తగారు పొత్తిళ్ళలోకి వంగి చూసి, "మావాడి పోలిక ఎక్కడుందో వెతకాలి," అంది. అది విని అతను నవ్వుతూ, "నిరూపించుకో మరి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాబట్టి అది సరదా అయింది, ఏడిస్తే ఆమెది ఛాదస్తం అయింది. ఆ పిల్ల పెరిగి పెద్దదై పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అచ్చం తండ్రి ముక్కే, తండ్రి నడకే. అయినా ఆనాటి మాటను తప్పని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. సంచిలో ఏముంది, ఫోనులో ఎవరు, ఇంతసేపు బాత్రూములో ఏం చేస్తున్నావు, గుడ్డల కొట్టు వాడు నీతో ఎందుకంత నవ్వాడు. ఏ తలుపు దగ్గరా ఒకసారి చెప్పిన జవాబు రెండోసారి పనికి రాలేదు. ఇన్నేళ్ళకు దానికో పేరుందని, దాన్ని చదువుకుని పరీక్ష రాసి పాసైన ఆడపిల్ల ఒకతె చెప్తుంటే నవ్వు రాదా?

అయితే ఒక తేడా ఉంది. అది మొదటి వారంలోనే ఆమె కంటబడింది. ఆఫీసరు తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, అంకెలు తప్పు కొట్టి, బయటికి గెంటేయబడి, "నేను ఆఫీసరునయ్యా!" అని దాని మీద అరుస్తున్నాడు. మీరెవరు అని అది మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అరిచాడు. అది మళ్ళీ అడిగింది. ఇంట్లో అడిగేది ఆమెను ఒక్కదాన్నే. ఇక్కడ ఆఫీసరునీ అడుగుతుంది, ఊడ్చే మనిషినీ అడుగుతుంది. అందరినీ ఒకేలా అనుమానించే వస్తువును ఆమె జీవితంలో మొదటిసారి చూసింది. దాని మీద ఆమెకు ఒక రకమైన ప్రేమ పుట్టింది. ఎవరూ చెప్పకుండానే పాఠాలన్నీ నేర్చుకుంది. భోజనాల వేళ కంపెనీ పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఈ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి తెరుచుకోదు, ఎవరు చెప్తే తెరుచుకుంటుంది అని అడిగి తెలుసుకుంది.

వచ్చిన చిక్కల్లా ఫోను నంబర్లతో వచ్చింది. సీట్లో కూర్చోగానే పాస్‌వర్డు కొట్టాలి. కొట్టగానే ఫోనుకు ఆరు అంకెలు వస్తాయి. అవి కూడా కొడితేనే తలుపు తీస్తుంది. కాసేపు లేచి వెళ్తే మూసుకుంటుంది, మళ్ళీ అంకెలు. ఏ ఫోనుకు వస్తాయంటే, ఎప్పుడో సర్వీసు కాగితాల్లో రాసి ఇచ్చిన నంబరుకు. ఆ కాగితాలు రాసిచ్చిన రోజుల్లో ఆడవాళ్ళలో ఎవరికి ఫోనుంది? మొగుడి నంబరు రాశారు. ఒకావిడ అన్న నంబరు రాసింది. ఆ అన్న ఇప్పుడు ఆస్తి తగాదాలో మాట్లాడటం లేదు, అంకెలు మాత్రం అతనికే వెళ్తున్నాయి. తర్వాత అందరికీ ఫోనులు వచ్చాయి గానీ నంబరు మార్పించాలని ఎవరికీ తోచలేదు. అవసరమేముంది, మొగుడి నంబరంటే మన నంబరేగా అనుకున్నారు.

దాంతో పొద్దున్నే ఆఫీసులో ఒక కొత్త తంతు మొదలైంది. ఫోను సరిగ్గా పలికేది కిటికీల దగ్గరే కాబట్టి ఆడవాళ్ళంతా వరసగా కిటికీల దగ్గర నిలబడి మొగుళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళు. ఒక మొగుడు బండి నడుపుతుంటాడు, ఒక మొగుడు గడ్డం గీసుకుంటుంటాడు, ఒక మొగుడు ఎత్తనే ఎత్తడు. గొంతు పెద్దదని ఆఫీసులో మైకమ్మ అని పిలుచుకునే ఆవిడ ఉంది. ఆవిడ మొగుడికి చెవుడు. "మూడండీ! మూడా ఏడా? ఒరే నాయనా, అంకెలు చెప్పమంటే ఏం వండావని అడుగుతాడేంటి!" అని ఆవిడ అరుస్తుంటే బెంచీ మీద చావు కాగితాల కోసం వచ్చినవాళ్ళు కూడా ఒక్క క్షణం మొహాలు తుడుచుకుని నవ్వేవాళ్ళు.

మిగతా మొగుళ్ళు విసుక్కున్నారు. ఆమె మొగుడు ఒక్కడే విసుక్కోలేదు. విసుక్కోకపోతే మంచివాడనుకుంది మొదట్లో. తర్వాత అర్థమైంది. పనిలేని మనిషికి పని దొరికింది. ఫోను టింగుమన్నప్పుడల్లా ఇంట్లో అత్తగారు, "ఒరేయ్, నీ పెళ్ళాం మోగుతోంది చూడు," అనేదట. అతను పాలసీలు అమ్మే రోజుల్లోలాగా పొద్దున్నే తల దువ్వుకుని, చొక్కా వేసుకుని, ఫోను జేబులో పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టాడు. సాయంత్రం ఆమె చెప్పులు విప్పక ముందే లెక్కలు అడిగేవాడు. "భోజనం కాకముందే లేచావే, దేనికి?" "బాత్రూముకి." "అంతసేపా?" "మళ్ళీ సాయంత్రం టీ వేళకు లేచావు. ఎవరితో టీ?" అంతకుముందు అతనికి ఇంట్లోనే చూపుండేది. ఇప్పుడు ఆఫీసులో ఆమె కుర్చీ కింద కూడా ఒక కన్ను పెట్టినట్టయింది, అది కూడా గవర్నమెంటు ఖర్చుతో.

అయినా పళ్ళబిగువున భరించింది. భరించలేనిది ఒక మామూలు పొద్దున జరిగింది.

మాత్రలు తారుమారయ్యాయని అత్తగారు గొడవ పెట్టింది. తారుమారు చేసింది ఆవిడే. చెప్తే వినలేదు. "నేనూ మనిషినే అత్తయ్యా," అని ఒక్క మాట అని ఆమె గడప దాటింది. ఆఫీసుకు వచ్చి, చావుల కిటికీ వెనక కూర్చుని, మొగుడికి ఫోను చేసింది. కిటికీకి అవతల మొదటి మనిషి ఒక లారీ డ్రైవరు. ఖాకీ చొక్కా, చేతిలో ఆస్పత్రి కాగితం. కూతురు పోయిందని కాగితంలో ఉంది, మొహంలోనూ ఉంది.

"చెప్పండి, అంకెలు," అంది ఫోనులో.

"చెప్తా. పొద్దున అమ్మనేమన్నావ్?"

"ఇక్కడ జనం నిలబడి ఉన్నారండీ."

"నిలబడనీ. అమ్మ టీ కూడా తాగలేదు."

"ఆ అంకెలు మారిపోతాయి. కాసేపే ఉంటాయి."

"పోతే మళ్ళీ వస్తాయి. ఎక్కడికొస్తాయి? నా దగ్గరికేగా." నవ్వాడు. "స్పీకరులో పెట్టాను. అమ్మ వింటోంది. తప్పైపోయిందని చెప్పు."

ఆమె డ్రైవరు వంక చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. అతని వెనక వరస ద్వారం దాకా ఉంది.

"తప్పైపోయింది అత్తయ్యా," అంది గొంతు తగ్గించి.

"ఏంటీ? వినపడలేదు," అంది అత్తగారు.

"తప్పైపోయింది అత్తయ్యా!"

మైకమ్మ కూడా నోరు మూసుకుంది. అవతల అతను తాపీగా, కూర్చున్నచోట కాళ్ళు చాపుకుంటున్న చప్పుడు కూడా వినపడేంత తాపీగా, ఒక్కొక్క అంకే చెప్పాడు. ఆమె కొట్టింది. గడువు దాటిపోయిందని వచ్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు.

"పర్లేదమ్మా, నిదానంగా కానివ్వండి. నేనుంటాను," అన్నాడు డ్రైవరు.

కూతుర్ని పోగొట్టుకున్నవాడి చేత ఓదార్పు చెప్పించుకున్నానే అని ఆమెకు రోజంతా అదే. ఆ పిల్ల పేరు కొట్టింది, ఊపిరి ఆగిన తేదీ కొట్టింది, తండ్రి పేరు కొట్టింది. కింద 'నమోదు చేసినవారు' అన్నచోట తన పేరు దానంతట అదే వచ్చింది. ఆ పేరును చూస్తే ఎవరిదో అనిపించింది.

ఆ నెలలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వారం లోపల ఎవరి నంబరు వాళ్ళు పెట్టుకోవాలి, ఇంకొకరి ఫోనుతో లోపలికి వచ్చే పద్ధతి ఇక కుదరదు. అదే ఉత్తర్వులో ఇంకో సంగతి ఉంది. ప్రతి ఆఫీసులోనూ ఒకరు తాళాలు చూసుకునే పనిలో ఉండాలి. ఎవరికి ఏ తలుపు తియ్యాలో, ఎవరు మానేస్తే ఏ తలుపు మూయాలో వాళ్ళు చూడాలి. తాళాల సీటు అని పేరు పెట్టేశారు హాల్లో. కంపెనీ పిల్ల ఆఫీసరు గదిలోకి వెళ్ళి ఆమె పేరు చెప్పింది.

ఆఫీసరు ఆమెను పిలిచాడు. "మిమ్మల్నే అనుకుంటున్నానమ్మా. కానీ తాళాల మనిషి తాళం ఇంకోళ్ళ జేబులో ఉంటే బాగుంటుందా? నంబరు మార్పించుకోండి. మీ ఇంటి సంగతి మీరు ఇంట్లో తేల్చుకోండి."

ఆ కుర్చీ మీద ఆమెకు అంత ఆశ ఎందుకు పుట్టిందో ఎవరికైనా చెప్తే నవ్వుతారు. జీతం పెరగదు, గది రాదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని, 'వీళ్ళను రానివ్వనా?' అని అడుగుతుంది మిషను. ఎవరో ఒకరు తనను అడిగి తలుపు తియ్యడం అనేది ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది, అంతే.

చేతిలో ఉన్న ఫోను సిమ్ము కూడా మొగుడి పేరు మీదే ఉంది. భోజనం మానేసి వెళ్ళి తన పేరు మీద కొత్తది తీసుకుంది. దాన్ని ఫోనులో వేసుకుని, నంబరు మార్చమని అర్జీ పెట్టడానికి కంపెనీ పిల్ల దగ్గరికి వెళ్తే, అక్కడ ఆఖరి ముడి బయటపడింది. నంబరు మార్చాలంటే పాత నంబరుకు ఒక ప్రశ్న వెళ్తుంది. 'మీ నంబరు మార్చమని అడిగింది మీరేనా?' కింద రెండు బటన్లు. ఒకటి 'నేనే', రెండోది 'నేను కాదు'. 'నేనే' అని నొక్కితే మారుతుంది.

"అది ఆయన ఫోనుకి కదమ్మా వెళ్తుంది?" అంది.

"అవును మేడమ్. ఆయన నొక్కితే చాలు, ఒక్క సెకను పని. మిగతావాళ్ళందరికీ అలాగే అయింది."

నిజమే. మైకమ్మ మొగుడు నొక్కేశాడు, పీడ వదిలిందని. మాట్లాడని అన్న కూడా నొక్కేశాడు.

ఆ వారం ఇంట్లో ఆమెను చూసినవాళ్ళు కొత్త కోడలనుకునేవాళ్ళు. అత్తగారి కాళ్ళు పట్టింది. అడగకముందే టీ పెట్టింది. అడిగినదానికే జవాబు చెప్పి, అడగనిదానికి నోరు తెరవలేదు. సమయం చూసి అడిగింది.

"నా దగ్గరుంటే నీకేం నష్టం?" అన్నాడు అతను.

"ఉత్తర్వు వచ్చిందండీ. అందరూ మార్చుకుంటున్నారు."

"అందరి సంగతి నాకెందుకు? దాచుకోవాల్సింది ఏమైనా ఉంటే చెప్పు, మార్చేద్దాం."

"ఏం లేదండీ."

"ఏం లేనప్పుడు మార్చడం దేనికి?" అని కాసేపాగి, ఆమె మొహం చూసి, "సరేలే, చూద్దాం. అంత దిగాలెందుకు. నొక్కుతాలే," అన్నాడు.

నొక్కుతానన్నాడన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె వారమంతా బతికింది.

గడువు ఆఖరి రోజున కంపెనీ పిల్ల పక్కన నిలబడి ఆమె అర్జీ పంపింది. వెంటనే మొగుడికి ఫోను చేసింది. "ఏమండీ, వచ్చింది చూడండి. 'నేనే' అన్నది నొక్కండి."

"ఆ, వచ్చింది. చదవనీ." చదువుతున్నాడు. తొందరేముంది అతనికి. "ఊఁ. నొక్కాను."

కంప్యూటరు తెర తెల్లబోయింది. తర్వాత ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఆమె పేరుతో ఎవరో లోపలికి రావాలని చూశారట. అందువల్ల ఆమె పేరు మీదున్న తలుపులన్నీ మూసేశారట. విచారణ జరుగుతుందట.

కంపెనీ పిల్ల కుర్చీ పట్టుకుంది. "మేడమ్... ఆయన 'నేను కాదు' నొక్కారు."

సాయంత్రం అడిగింది ఆమె, చెప్పులు కూడా విప్పకుండా.

"మరి నేను కాదుగా!" అన్నాడు అతను, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు. "నంబరు మార్చమని అడిగింది మీరేనా అని ఉంది. నేను అడిగానా? లేదు. ఉన్నమాటే నొక్కాను."

"నొక్కమని చెప్పాను కదండీ."

"నువ్వు చెప్పావని గవర్నమెంటుకి అబద్ధం చెప్పనా?"

అత్తగారు లోపల్నుంచి, "వాడికి చిన్నప్పట్నుంచీ అబద్ధం ఆడటం రాదు," అంది.

అతను నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకున్న మొహాన్ని ఆమె చూసింది. పొరపాటున నొక్కలేదు, తెలిసే నొక్కాడు. తెలిసి నొక్కి కూడా అది సరదా అనుకుంటున్నాడు. కూతురి పోలిక సరదా అయినట్టే ఇదీ సరదా. రేపో ఎల్లుండో, 'అరే అంత పెద్ద విషయమా, ముందే చెప్పొద్దూ' అంటాడు. చెప్పలేదని తప్పు ఆమెదవుతుంది. ఆమె కూర తరగడానికి కూర్చుంది. తరుగుతుంటే కోపం రాలేదు, కన్నీళ్ళు రాలేదు, చేతులు మాత్రం వాటంతట అవి కదులుతున్నాయి. ఇతను ఇలాంటివాడని ఎప్పుడూ తెలిసిందే. దానికి బాధపడే వయసు దాటిపోయింది. బాధల్లా ఆ మిషను గురించి. అందరినీ ఒకేలా అనుమానిస్తుందని దాన్ని ప్రేమించింది. ఆఫీసరునే నిలదీసిందని మురిసిపోయింది. తీరా అది కూడా ఇద్దరి మాటా విని, అతని మాట పట్టుకుని ఆమెను దొంగ అంది. దాని లెక్కలో ఆ నంబరు పట్టుకున్నవాడే ఆమె. పొద్దున్నే లేచి, బస్సెక్కి, వచ్చినవాళ్ళ చావులూ పుట్టుకలూ రాసి ఇళ్ళకు పంపే ఈ మనిషి ఎవరో దానికి తెలియదు. ఎవరో ఒక పరాయి ఆడది తాను తానని చెప్పుకుని తలుపు తట్టింది. లోపల్నుంచి అసలు మనిషి, 'నేను కాదు' అని చెప్పాడు. అంతటితో అయిపోయింది.

మర్నాడు ఆఫీసరు గదిలో విచారణ. విచారణ అంటే పెద్దగా ఏం లేదు. బల్లకు అటు ఆఫీసరు, ఇటు ఆమె, పక్కన కంప్యూటరు ముందు కంపెనీ పిల్ల. తాళాల సీటు అప్పటికే పోయింది. గడువు దాటింది కాబట్టి పక్క హాల్లో ఒకతనికి ఇచ్చేశారు. ఇక మిగిలింది ఆమె పాత సీటైనా ఉంటుందా లేదా అన్నది.

"ఇందులో ఒకటే ప్రశ్న ఉందమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఈ నంబరు మీదేనా? అవునంటే, నిన్న ఏదో పొరపాటు జరిగిందని రాసి తలుపులు తెరిపించేస్తా. పైవాళ్ళకి నేను చెప్పుకుంటా. ఎప్పట్లా అదే నంబరుకి అంకెలొస్తాయి, ఎప్పట్లా మీ కిటికీ దగ్గర మీరు కూర్చోవచ్చు. అవునని చెప్పండి, సంతకం పెట్టండి, టీ తాగండి."

"కాదంటే?"

జవాబు కంపెనీ పిల్ల చెప్పింది, మొహం చూడకుండా. "కాదంటే, ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ ఫోనుతో నడిచిన పేరు కాబట్టి ఆ పేరే మూసేస్తారు మేడమ్. మీకు మళ్ళీ కొత్తగా ఇవ్వాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఎప్పుడు ఒప్పుకుంటారో, అసలు ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. అప్పటిదాకా మీకు ఏ కంప్యూటరూ తెరుచుకోదు."

"కింద పాత రికార్డుల గదిలో వేయాల్సి వస్తుంది," అన్నాడు ఆఫీసరు. "అక్కడ చేసేదేముంది, చిరిగిన కట్టలు కట్టడం తప్ప. ఎందుకమ్మా ఇదంతా? భార్యాభర్తలన్నాక నీది నాది అని ఉంటుందా? ఆయనదంటే మీది కాదా?"

ఆమెకు అవునంటే జరిగేదేమిటో కళ్ళకు కట్టినట్టుంది. రేపు పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, మిగతా ఆడవాళ్ళంతా ఎవరి సీట్లలో వాళ్ళు ఎవరి అంకెలు వాళ్ళు కొట్టుకుంటుంటే, తానొక్కతే నిలబడి, అతనికి ఫోను చేసి, అతను అడిగినవన్నీ చెప్పి, చెప్పమన్నవాళ్ళకి తప్పైపోయిందని చెప్పి. కాదంటే జరిగేదీ కనపడుతూనే ఉంది. బాగుపడే దారి రెండింట్లోనూ లేదు.

"ఉంటుంది సార్," అంది. "ఆయనది నాది కాదు. నాదే ఆయనది."

ఆఫీసరుకి అర్థం కాలేదు. కంపెనీ పిల్లకి అయింది. కంప్యూటరును కొంచెం ఆమె వైపు తిప్పింది.

'ఈ నంబరు మీదేనా?' అని ఉంది. ఆమె 'కాదు' నొక్కింది.

పెద్దగా ఏమీ జరగలేదు. తెర మీద ఆమె పేరు బూడిదరంగులోకి మారి, వరసలోంచి తొలగిపోయింది. కింది పేరు పైకి జరిగి ఆ ఖాళీని పూడ్చింది. ఆఫీసరు నిట్టూర్చి, తాళంచెవి ఒకటి బల్ల మీదికి తోశాడు. నిజం తాళంచెవి, తుప్పు పట్టింది.

కింది గదిలో గాలి ఆడదు. గోడల నిండా బీరువాలు, బీరువాల నిండా తాడు ఊడిన కట్టలు. ఫోను మాత్రం ఎలాగో పలికింది. కొత్త నంబరు అతనికి ఆమే ఇచ్చింది, చూపించమని అడిగి మరీ తీసుకున్నాడు.

"ఏంటి ఇవాళ పొద్దున్నుంచీ ఒక్కటీ రాలేదు? ఆఫీసుకి పోలేదా? ఎక్కడున్నావ్?"

"ఆఫీసులోనే. కింద."

"కిందెందుకు? కింద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఆ నంబరు తీసేశారు. ఇంక రావు."

అవతల అత్తగారు ఏదో అడుగుతోంది, అతను ఆగమంటున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు గొంతులో కంగారుంది. "అదేంటి, రాకపోతే ఎలా? నేను సరదాకి నొక్కానే. అంత దానికే తీసేస్తారా? ఉండు, రేపు నేనొచ్చి ఆఫీసరుతో మాట్లాడతా. నేను చెప్తే వింటాడు."

"వస్తే లోపలికి రానివ్వరండీ. ఎవరు మీరని అడుగుతారు." ఆమె మొదటి కట్ట ముందుకు లాక్కుంది. "ఎవరని చెప్తారు?"

ఎంత పనిలేకపోయినా ఏదో ఒకటి అనగలిగే మనిషి, ఊరికే ఊపిరి పీలుస్తున్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. పెట్టేశాక, దుమ్ము దులుపుతున్న చెయ్యి దానంతటదే ఆగింది. అదే ప్రశ్న ఇప్పుడు ఎవరైనా వచ్చి తనను అడిగితే, చెప్పడానికి తన దగ్గరా ఏమీ లేదు.